చెప్పని ఇళ్ళు

ఫిబ్రవరి 3, సోమవారం

భాస్కరరావు సార్ వచ్చి వెళ్ళారు. నా వెటర్నరీ పీహెచ్‌డీకి గైడు కాబట్టి ఆయన ఏం చూపించినా తలూపాలి. ఈసారి కూడా లాప్‌టాప్ తెరిచి అల్పాకాల ఫొటోలే చూపించారు. ఒంటెకి దగ్గరి చుట్టం, చూడటానికి మెడ సాగిన గొర్రె. సార్ అవి ఉండే కొండల దేశంలో రెండేళ్ళుండి వాటి కాన్పుల మీద, పుట్టిన పిల్లల మీద రీసెర్చి చేశారు. పుట్టగానే తల్లి మొదటి పాలు తాగిన పిల్లలు ఏమయ్యాయి, తాగనివి ఏమయ్యాయి అన్నది ఆయన స్టడీ. ఇప్పుడు అదే పద్ధతి ఇక్కడ గేదె దూడల మీద. ఎక్కడి కొండలు, ఎక్కడి ఆగిరిపల్లి! మధ్యలో నా స్కూటీ.

పని తేలికే. ఈ చుట్టుపక్కల చూడి గేదెలున్న ఇళ్ళని చీట్లు వేసి రెండు భాగాలు చేశాం. మొదటి భాగం ఇళ్ళకి ముందే వెళ్ళి చెప్తాను: దూడ పుట్టగానే పొదుగు దగ్గరికి వదలండి, మాయ పడేదాకా ఆపకండి, మొదటి పాలు జున్నుకి తియ్యకండి, అవే దానికి మందు అని. రెండో భాగానికి ఏమీ చెప్పను. వాళ్ళు ఏం చేస్తే అది రాసుకుంటాను, మర్నాడు దూడ రక్తం తీసుకుంటాను, వచ్చేస్తాను. రిపోర్టులో వీటికి మంచి మంచి ఇంగ్లీషు పేర్లున్నాయి. నేను మాత్రం చెప్పిన ఇళ్ళు, చెప్పని ఇళ్ళు అనుకుంటున్నాను.

చెప్పని ఇంట్లో ఎవరైనా సలహా అడిగితే ఏమనాలో కూడా సార్ నేర్పారు. "మీరు మామూలుగా చేసేదే చేయండి." అంతే. ఇంకో ముక్క కలపకూడదు. మొహంలో కూడా ఏమీ కనపడకూడదట. సార్ వెళ్ళాక అద్దం ముందు నిలబడి అని చూసుకున్నాను. బాగానే వస్తోంది.

ఫిబ్రవరి 5

చీటీలో ప్రమీలారాణి ఆంటీవాళ్ళది చెప్పిన ఇల్లని వచ్చింది. నేనుండేది వాళ్ళ మేడ మీద గదిలోనే, భోజనం కూడా వాళ్ళ దగ్గరే. సార్‌కి ఆ సంగతి చెబితే, చీటీ చీటీయే అన్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆంటీకి విషయమంతా చెప్పాను.

"మాయ పడకుండా దూడని వదిలితే అది లోపలే ఉండిపోతుందంటారు కదమ్మా?"

"లేదాంటీ, దూడ చీకితేనే త్వరగా పడుతుంది."

"ముర్రుపాలు ఎక్కువ తాగితే పారుకుంటుందని మా అత్తగారు దూడ మూతికి బుట్ట కట్టేవారు."

"తాగకపోతేనే ఆంటీ పారుకునేది."

ఆవిడ నమ్మారు. నమ్మకం కుదిరాక ఇంకో మజ్జిగ గ్లాసు పోశారు. ఇది పక్క ఇళ్ళలో అనకండి, స్టడీ పాడైపోతుంది అన్నాను. "నాకెందుకమ్మా, నేనెవరికి చెప్తాను?" అన్నారు. మనిషి మొహం వెలిగిపోయింది. ఊళ్ళో ఎవరికీ తెలియనిది తనకొక్కదానికే తెలియడం ఆవిడకి బాగా నచ్చింది.

ఫిబ్రవరి 8

ఆంటీవాళ్ళ మామిడితోటలో కాపలా ఉండే సాంబయ్య, అచ్చమ్మ దగ్గరికి వెళ్ళాను. పాక తోట చివర ఉంది. పూత రాలి పిందె కట్టింది. కోతుల్ని తోలడానికి సాంబయ్య నూనె డబ్బా వాయిస్తూ కనిపించాడు. వాళ్ళకి ఒకటే గేదె. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది కాబట్టి పేరు చుక్క. అచ్చమ్మ దాన్ని దూడగా ఉన్నప్పటి నుంచి చేతుల్లో పెంచింది. పిలిస్తే మనిషిలా తల తిప్పి చూస్తుంది. నెలాఖరుకి ఈనుతుంది.

వీళ్ళది చెప్పని ఇల్లు.

నిరుడు చుక్క దూడ వారం తిరక్కుండా పోయింది. దూడ లేకపోతే చుక్క చేపదు. పొదుగు నిండా పాలుండి కూడా చుక్క బొట్టు వదల్లేదు. ఏడాదంతా ఊరికే మేపారు. కాపలా జీతంతో వాళ్ళ తిండే గగనం. ఈసారి కూడా పాలివ్వకపోతే మేపడం తన వల్ల కాదు, బేరగాడికి ఇచ్చేస్తానని సాంబయ్య తెగేసి చెప్పాడట. బేరగాడు దాన్ని పెంచుకోవడానికి కొనడని అందరికీ తెలుసు.

ఇదంతా చెప్పి అచ్చమ్మ నా దగ్గరికి జరిగి కూర్చుంది. "ఓ మాట అడుగుతానండి డాక్టరమ్మగారూ. పోయినేడు మాయ పడేదాకా దూడని కట్టేశాం. అది లేవలేక లేవలేక తల్లి వంకే చూసిందండి. ఈసారి పుట్టగానే వదిలేద్దామనుకుంటన్నాను. ఆయనేమో పెద్దోళ్ళు చేసింది కాదని చేస్తే కీడంటన్నాడు. మీరేవంటారు?"

నేను ఏమనాలో అదే అన్నాను. "మీరు మామూలుగా చేసేదే చేయండి."

"అంటే కట్టేయమంటారా?"

"మామూలుగా చేసేదే చేయండి అచ్చమ్మగారూ."

అచ్చమ్మ భుజాలు దించి ఊపిరి వదిలింది. ఒక పెద్ద బరువు నా మీద పెట్టేసినట్టు. "అంతేనంటారా. చదువుకున్నోళ్ళు మీరు, మీకు తెలీదా. నాదంతా పిచ్చి." అవతల నుంచి సాంబయ్య డబ్బా వాయించడం ఆపి "నే చెప్పలా?" అన్నాడు.

వచ్చేటప్పుడు ఒక సంచీ నిండా చింతచిగురు పెట్టింది. ఆంటీ పప్పులో వేశారు.

ఫిబ్రవరి 9

నేను వద్దనలేదు. దూడని వదలొద్దని నేను అనలేదు. మామూలుగా అంటే ఏదైనా కావచ్చు. ఎవరి మామూలు వాళ్ళది.

ఫిబ్రవరి 17

ఆంటీవాళ్ళ గేదె తెల్లవారాక ఈనింది. నేను చెప్పినట్టే చేశారు. దూడ వణుకుతూ లేచింది, పడింది, మళ్ళీ లేచింది. తల్లి మూతితో దాన్ని వెనక్కి తోస్తూ దారి చూపించింది. చన్ను అందగానే తోక ఊపుతూ చీకడం మొదలుపెట్టింది. మాయ కూడా కాసేపటికే పడిపోయింది. ఆంటీ ఆశ్చర్యపోయి నా భుజం తట్టారు.

ఆంటీవాళ్ళాయన లక్ష్మీనరసింహారావుగారికి మాత్రం కోపమొచ్చింది. "ఇంట్లో గేదె ఈనితే జున్ను లేకపోవడమేంటి? మా బావమరిది ఫోన్ చేసి మరీ అడిగాడు."

"డాక్టరమ్మ వద్దంది. దూడ ముఖ్యం" అన్నారు ఆంటీ.

రేపు దూడ రక్తం తీయాలి. చూడక్కర్లేదు, బాగుంటుంది. ఈ పనిలో చేరినందుకు ఈ ఒక్క రోజు సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 20

సార్‌కి ఫోన్ చేశాను. చెప్పని ఇంట్లో ఒకావిడ తనంతట తనే దూడని వదలాలనుకుంటోంది, నన్ను అడిగింది అన్నాను.

"నువ్వేమన్నావు?"

"మీరు నేర్పిందే సార్."

"వెరీ గుడ్. చూడమ్మా లావణ్యా, అల్పాకాల దగ్గర నాకూ ఇదే బాధ. పిల్ల చలికి బిగుసుకుపోతుంటే ఎత్తుకెళ్ళి తల్లి కింద పెట్టాలనిపించేది. పెట్టలేదు. పెట్టుంటే స్టడీ లేదు. ఒక్క ఇంటికి జాలిపడితే రేపు బతకాల్సిన వేల దూడలకి అన్యాయం చేసినట్టు. జబ్బు చేస్తే వైద్యం చెయ్యి, ఎవరొద్దన్నారు? ముందు చెప్పడం మాత్రం కూడదు."

సార్ మాట్లాడుతుంటే అంతా సబబుగానే ఉంటుంది. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, ఆ అల్పాకాలు రీసెర్చి స్టేషన్‌వి. వాటిని చేతుల్లో పెంచి పేరు పెట్టి పిలిచిన మనిషి ఎవరూ లేరు.

ఫిబ్రవరి 24

ఇవాళ తోట పక్క నుంచే వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. ఎండగా ఉంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

చుక్క ఈనింది. పెయ్యదూడ.

పొద్దున్నే సాంబయ్య ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి దూడ నేల మీద ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది. నుదుటి మీద తల్లికున్నట్టే మచ్చ. అచ్చమ్మ గోనెపట్టాతో తుడుస్తూ దాంతో మాట్లాడుతోంది. మెడలో తాడేసి మామిడి మొదలుకి కట్టింది, తల్లికి అందేంత దూరంలోనే, కానీ పొదుగు అందనంత దూరంలో. చుక్క మెడ సాచి దూడని నాకుతూ సన్నగా అరుస్తోంది.

నేను రాసుకోవలసింది రాసుకున్నాను.

దూడ లేచింది. మంచి బలమైన దూడ. తాడు లాగి పట్టినంత దూరం వెళ్ళి, మూతి ముందుకు పెట్టి గాలిని చీకింది. నేను దగ్గరికి వెళితే నా వేలు నోట్లోకి తీసుకుని చీకింది. నాలిక వేడిగా ఉంది.

"ఆకలి బంగారుతల్లికి. ఉండవే, మాయ పడనీ. డాక్టరమ్మగారు కూడా మామూలుగా చెయ్యమన్నారు" అంది అచ్చమ్మ దాంతో.

తాడు ముడి నా చేతికి అందేంత దగ్గర్లో ఉంది. ఒక్క మాట చాలు. నా వేలు దాని నోట్లోంచి తీసేసుకుని తుడుచుకున్నాను.

సాంబయ్య పొదుగు కడిగాడు. దూడ ఎదురుగానే ఉంది కాబట్టి చుక్క ధారాళంగా చేపింది. పసుప్పచ్చని పాలు, నెయ్యి కరిగి వస్తున్నట్టు చిక్కగా పడ్డాయి. స్టీలు క్యాను నిండింది. మూత పెట్టి సాంబయ్య సైకిల్‌కి తగిలించుకుని ఎక్కడికో వెళ్ళాడు. ఎక్కడికని నేను అడగలేదు. మాయ ఎండ నడినెత్తికి వచ్చాక పడింది. అప్పుడు దూడని వదిలారు. అప్పటికి అది నీరసపడి పడుకుంది. లేపి నోటికి అందిస్తే నాలుగు గుక్కలు తాగి తల వాల్చేసింది.

నేను అక్కడే ఉన్నాను. మొదటి నుంచీ చివరి దాకా అక్కడే ఉన్నాను.

అదే రోజు

రాత్రి భోజనంలో జున్ను. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద వండారు. కత్తితో ముక్కలు కోసి పెట్టారు.

"మన గేదెదేమో దూడకే పోయిందాయె. మీ అంకుల్ గొడవ పడలేక అచ్చమ్మకి కబురు పెట్టాను. తోటలో గేదె ఈనితే మొదటి పాలు మనింటికి పంపడం మామూలే అనుకో. ఈసారి మొత్తం పంపమన్నాను. మా తమ్ముడివాళ్ళకీ సరిపోయాయి. తిను, నీకోసం పెద్ద ముక్క ఉంచాను" అన్నారు ఆంటీ.

తిన్నాను. ఇంకొంచెం వెయ్యమంటారా అంటే వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకని అడిగితే చెప్పాలి.

చాలా బాగుంది.

మార్చి 1

చుక్క దూడ రక్తం తీశాను. సీరం బొట్టు పరీక్ష పరికరం అద్దం మీద వేసి వెలుతురుకి పెట్టి చూశాను. తల్లి ఇవ్వాల్సిన రక్షణ దాని ఒంట్లో లేదు. ఇంకోసారి చూశాను. అంతే ఉంది. ఇప్పుడు ముర్రుపాలు పట్టినా ఒంటికి పట్టవు, పుట్టిన మొదటి రోజుతోనే ఆ తలుపు మూసుకుపోతుంది. పరీక్షల్లో ఈ ప్రశ్నకి నాకు ఫుల్ మార్కులు.

మార్చి 3

దూడ పారుకుంటోందని కబురు. సెలైన్లు, మందులు తీసుకుని పరుగెత్తాను. వైద్యం చెయ్యొచ్చు కదా. వైద్యానికి ఎవరూ అడ్డు చెప్పరు.

మార్చి 4

రోజంతా పాకలోనే ఉన్నాను. కొమ్మకి సెలైన్ సీసా కట్టి సాంబయ్య నిలబడ్డాడు. నీళ్ళలా పారుతోంది. కళ్ళు లోపలికి పోయాయి. అచ్చమ్మ దాని కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. మధ్యమధ్యలో నా మొహం చూస్తోంది.

"ఇంత చదువుకున్న డాక్టరు మా పాక్కొచ్చి మట్టిలో కూర్చుంది. దీనికేం కాదు" అని సాంబయ్యకి ధైర్యం చెప్తోంది.

దగ్గు వచ్చిందని లేచి బయటికి వెళ్ళాను.

మార్చి 5, బుధవారం

పొద్దున పోయింది.

అచ్చమ్మ ఏడవలేదు. గోనెపట్టా కప్పింది. నాకు టీ పెట్టింది. తాగాను.

మార్చి 6

గదిలోంచి కదల్లేదు. తలనొప్పి. ఆంటీ పైకి వచ్చి అన్నం పెట్టి వెళ్ళారు. "పాపం అచ్చమ్మ దూడ పోయిందటగా. వాళ్ళకి శుభ్రం తక్కువమ్మా" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద మండటానికి నాకున్న అర్హత ఏంటో తెలియలేదు. పెరుగు కలుపుకుని తిన్నాను.

మార్చి 9

చుక్క చేపడం లేదు.

సాంబయ్య దూడ తోలు ఎండబెట్టి గడ్డి కుక్కి తెచ్చాడు. చుక్క దాన్ని వాసన చూసింది, నాకింది. మొన్న కాసిని ఇచ్చింది. నిన్న ఇంకా తక్కువ. ఇవాళ మొహం తిప్పేసుకుంది. మోసపోయినంత కాలం మోసపోయి ఇక చాలనుకుంది కాబోలు. సాంబయ్య ఎక్కడి నుంచో చేపడానికి వేసే ఇంజెక్షన్ తెచ్చాడు. అది వెయ్యకూడదని నేను అరిచాను. పొదుగు పాడవుతుందని, గేదె మళ్ళీ చూడి కట్టదని, ఆ పాలు తాగేవాళ్ళకి కూడా మంచిది కాదని, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఎంత చక్కగా చెప్పానో. ఇది స్టడీలో లేదు కాబట్టి చెప్పొచ్చు.

అచ్చమ్మ నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ అంది, "మీరేం బాధపడకండి. మీ తప్పేవుంది? అందరూ అంటన్నారు, దూడకేదో చెయ్యకూడంది చేశావని. నేను చెప్తన్నాను, డాక్టరమ్మగార్ని అడిగే చేశాను, ఆవిడ చెప్పినట్టే చేశానని. మావాళ్ళుండే కాలనీ అంతా చెప్పాను. మీ పేరు చెప్పగానే నోరు మూసుకుంటన్నారు."

స్కూటీ తీసి వచ్చేశాను.

మార్చి 15

బేరగాడు వ్యాను తెచ్చాడు. చుక్క ఎక్కనంటే అచ్చమ్మ ముందు తను ఎక్కి పిలిచిందట. పిలవగానే ఎక్కేసిందట. నేను లేను. ఆంటీవాళ్ళ పనిమనిషి చెప్పింది.

మార్చి 17

సార్ ఫోన్ చేశారు. మంచి ఉత్సాహంగా ఉన్నారు. చెప్పిన ఇళ్ళకీ చెప్పని ఇళ్ళకీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోందట. అల్పాకాల్లో కూడా ఇంత స్పష్టంగా రాలేదట. పేపర్లో నీ పేరు ముందే వేస్తానన్నారు.

"తెలిసిపోయింది కదా సార్. ఇక ఆపేద్దాం. మిగిలిన ఇళ్ళకి చెప్పేద్దాం."

"ఇంకొన్ని కాన్పులే కదమ్మా. అవీ అయితే ఎవరూ వేలెత్తి చూపించలేరు. ఈ నెల ఓపిక పట్టు."

"ఒక ఇంట్లో గేదెని అమ్మేసుకున్నారు సార్."

"బాధగానే ఉంటుంది. డేటాలో రాసుకో" అన్నారు.

సార్ చెడ్డవాడు కాదు. ఆయన చెడ్డవాడైతే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

మార్చి 19

వెళ్ళి చెప్పేశాను.

నిన్నటి గాలికి కాయ బాగా రాలింది. అచ్చమ్మ పాక ముందు కత్తిపీట వేసుకుని రాలిన పచ్చికాయలు ఒరుగులకి కోస్తోంది. చుక్కని కట్టే చోట కట్టుకొయ్య అలాగే ఉంది, పేడ ఎండిపోయింది. నేను ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. చీట్ల సంగతి, రెండు రకాల ఇళ్ళ సంగతి, నాకు ఏం తెలుసో, ఎందుకు చెప్పలేదో. దారిలో అనుకున్నదంతా తలకిందులైపోయింది. వేల దూడలు అనే మాట కూడా వాడాను. ఆ పాక ముందు కూర్చుని వింటే ఆ మాట నాకే అసహ్యంగా ఉంది.

అచ్చమ్మ కొయ్యడం ఆపలేదు.

"అయితే నేనడిగిన రోజున మీకు తెలుసు."

"తెలుసు."

"వదిలేద్దామని నాకు తోచింది సరైందే."

"సరైందే."

"మరి ప్రమీలమ్మగారికి?"

"వాళ్ళకి చెప్పాను. వాళ్ళది చెప్పిన ఇల్లు."

"ముందే?"

"ముందే."

అప్పుడు ఆగింది. "వాళ్ళ దూడకి వాళ్ళ పాలు. జున్నుకి నా పాలు." మళ్ళీ ఒక కాయ తీసుకుంది. "మీరూ తిన్నారా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. "తిన్నాను."

తల ఊపింది. తిట్టలేదు. తిడుతుందనే వెళ్ళాను నేను, తిట్టించుకుని తేలిగ్గా ఇంటికి రావాలని. అది కూడా ఇవ్వలేదు. టెంకలు ఒక పక్కకి తోసి, "ఎండెక్కుతంది, ఎల్లండి" అంది. డాక్టరమ్మగారూ అనలేదు.

మార్చి 20

సార్‌కి మెసేజ్ పెట్టాను. మిగిలిన ఇళ్ళన్నిటికీ చెప్పేస్తున్నాను, నన్ను తీసేసినా సరే అని. నీలం టిక్కులు వచ్చాయి. జవాబు లేదు.

మార్చి 21

చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ వినడం లేదు.

మొదటి ఇంట్లో మర్యాదగా నవ్వి, "మొన్న మామూలుగా చెయ్యమన్నారుగా" అన్నారు. రెండో ఇంట్లో గుమ్మంలోనే నిలబెట్టారు. కాలనీలో ఒకావిడ నా మొహం మీదే అనేసింది: "అచ్చమ్మ మీ మాటినే దూడని పోగొట్టుకుంది. పాలు పోయె, గేదె పోయె. మాకెందుకండీ మీ సలహాలు."

నిజమే. నా పేరు చెప్పగానే అందరూ నోరు మూసుకున్నారని అచ్చమ్మ అంది కదా. నోళ్ళు మూసుకుని ఏం అనుకున్నారో ఇవాళ తెలిసింది. నేను కట్టేయమంటే వదిలేస్తారు, వదలమంటే కట్టేస్తారు. కట్టేయండని అబద్ధం చెబితే పని జరుగుతుందేమో అని కూడా ఆలోచించాను. అంత దాకా వచ్చాను.

మార్చి 24, సోమవారం

సవరమ్మది కాలనీలో చివరి ఇల్లు. చెప్పని ఇల్లే. నేను వెళ్ళేసరికి గేదె ఈని దూడ నేల మీద ఉంది. మెడలో తాడు. సవరమ్మ చెంబు పట్టుకుని పొదుగు కడుగుతోంది. ఇరుగుపొరుగు అందరూ చేరారు.

"సవరమ్మగారూ, ముందు దూడని వదలండి. ఆ పాలు దానికే తాగించండి. ఆలస్యం చేస్తే ప్రయోజనం ఉండదు."

ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు. "మీరు ఎళ్ళండమ్మా. మా గేదె సంగతి మేం చూసుకుంటాం."

బతిమాలాను. చేతులు పట్టుకోబోయాను. వెనకెవరో "అచ్చమ్మకి చేసింది చాల్దా?" అన్నారు. దూడ లేచి తాడు లాగుతోంది. తాడు లాగి, మూతి ముందుకు పెట్టి, గాలిని చీకుతోంది. నేను ఇది ఒకసారి చూశాను. మళ్ళీ చూడలేను.

స్కూటీ తీసి తోటకి పోయాను. అచ్చమ్మ చెట్ల కింద కాయ ఏరుతోంది. "సవరమ్మ గేదె ఈనింది. నా మాట వినడం లేదు. మీరు చెబితే వింటారు" అన్నాను. ఏ మొహం పెట్టుకుని అన్నానో నాకే తెలియదు. అచ్చమ్మ గంప దించింది. కొంగు దులుపుకుంది. వచ్చి బండి వెనక కూర్చుంది. దారి పొడుగునా నా భుజం పట్టుకోలేదు, వెనక కడ్డీ పట్టుకుంది.

గేదె ఇంతసేపూ కుదురుగా నిలబడలేదేమో, సవరమ్మ అప్పుడే పాలు తియ్యడానికి కూర్చుంటోంది.

"ఆగవే" అంది అచ్చమ్మ. "దూడని వదులు."

"నువ్వా చెప్పేది? ఈవిడ మాటినేగా..."

"ఇనవే. ఈవిడకి తెలుసు. నేనడిగిన రోజున కూడా తెలుసు. ఏం చేస్తే దూడ బతుకుద్దో తెలిసి కూడా నాకు చెప్పలా. వాళ్ళ చదువుకేదో లెక్క కావాలంట, కొందరికి చెప్పి కొందరికి చెప్పకూడదంట. నాది చెప్పకూడని ఇల్లంట. నీదీ అంతే. ఇప్పుడు ఆ లెక్క మానేసి నీకు చెప్తంది. తెలిసిందే చెప్తంది. నమ్ము."

సవరమ్మ చెంబు కింద పెట్టి లేచి నిలబడింది. మొదటిసారి నన్ను సూటిగా చూసింది.

"నిజవేనా అండీ?"

చుట్టూ అందరూ ఉన్నారు. పిల్లలు, ముసలివాళ్ళు, నేను సూది వేసిన గేదెల వాళ్ళు, నాకు టీలు ఇచ్చినవాళ్ళు. అద్దం ముందు నేర్చుకున్న మాటలేవీ పనికిరావు. కాదంటే ఈ దూడ పోతుంది.

"నిజమే. అచ్చమ్మగారు అడిగారు. నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు."

సవరమ్మ నా మొహంలోకి ఇంకాసేపు చూసింది. తర్వాత వంగి తాడు విప్పింది. దూడ రెండుసార్లు పడి లేచి పొదుగు వెతుక్కుంది. ఎవరూ సాయం చెయ్యలేదు, అదే వెతుక్కుంది. చీకుతున్న చప్పుడు అందరికీ వినిపించింది.

అచ్చమ్మ అప్పుడు ఏడ్చింది. తన దూడ పోయిన రోజు నాకు టీ పెట్టిచ్చిన మనిషి, సవరమ్మ గుమ్మంలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళబోతే తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.